వృషణంలో పుట్టిన శుక్రకణానికి ఈత ఎప్పుడొస్తుంది?

[తెరపై: మైక్రోస్కోప్ కింద ఈదుతున్న శుక్రకణాలు]

నమస్కారం. తోక ఊపుతూ దూసుకెళ్తున్న ఈ కణాల్ని మీరు చూసే ఉంటారు. 1677లో డచ్ పరిశోధకుడు లేవెన్‌హుక్ తన మైక్రోస్కోప్‌లో చూసింది వీటినే. కానీ క్షీరదాల వృషణంలో అప్పుడే తయారైన శుక్రకణం ఇలా ఈదలేదు. తల, తోక అన్నీ వచ్చేసి ఉంటాయి, సత్తా మాత్రం ఇంకా రాదు.

[తెరపై: వృషణం లోపల చుట్టలుగా ఉన్న సన్నని నాళికలు]

ఈ నాళికల గోడ వెంట మూలకణాలుంటాయి. విభజన జరిగినప్పుడల్లా కొన్ని మూలకణాలుగానే మిగిలిపోతాయి, అందుకే నిల్వ తరిగిపోదు. మిగతావి క్షయకరణ విభజనలోకి వెళ్తాయి. ఒక్కో కణం నుంచి నాలుగు కణాలు వస్తాయి, క్రోమోజోములు సగమవుతాయి. మనిషిలో 46 కాస్తా 23. ఇది బళ్లో చదివిందే, ముందుకెళ్దాం.

[తెరపై: గుండ్రటి కణం శుక్రకణంగా మారే యానిమేషన్]

ఆ నాలుగూ గుండ్రటి కణాలు. పేరు స్పెర్మాటిడ్లు. ఇకపై విభజన లేదు, రూపం మారడమే. నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించే దశ ఇదే. డీఎన్‌ఏను చుట్టి ఉంచే హిస్టోన్లు చాలావరకు తప్పుకుని, ప్రొటమిన్లు అనే వేరే ప్రొటీన్లు వచ్చి దాన్ని బిగించేస్తాయి. అండం పొరను దాటడానికి పనికొచ్చే ఎంజైములతో ఏక్రోసోమ్ తలమీద టోపీలా అమరుతుంది. మైటోకాండ్రియాలు తోక మొదట్లో చుట్టుకుంటాయి. అక్కర్లేని సైటోప్లాజం విడిపోతే, పక్కనున్న సెర్టోలి కణాలు దాన్ని మింగేస్తాయి.

సెర్టోలి కణాలు చేసే పని ఇంకా ఉంది. ఈ కొత్త కణాల మీది ప్రొటీన్లు యవ్వనంలో మొదటిసారి కనబడతాయి కాబట్టి, రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివనుకుని దాడి చేసే ప్రమాదముంది. సెర్టోలి కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని అడ్డుగోడ కడతాయి. నాళికల మధ్య ఉండే లేడిగ్ కణాల నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ హార్మోన్ ఈ మొత్తం పనిని నడిపిస్తుంది.

ఇదంతా జరగడానికి చిట్టెలుకలో (మౌస్) సుమారు 35 రోజులు, మనిషిలో సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే తీవ్రమైన జ్వరం ప్రభావం కొన్ని వారాల తర్వాత వీర్య పరీక్షలో బయటపడవచ్చు. ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి, ఆ మధ్య జ్వరం వచ్చి ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

[తెరపై: వృషణం వెనక ఎపిడిడైమిస్]

ఈత సత్తా వచ్చేది ఇక్కడ. మనిషిలో ఈ గొట్టాన్ని విప్పితే దాదాపు 6 మీటర్లుంటుంది. శుక్రకణం ఇందులో ఈదదు, గొట్టం గోడ కండరాలే దాన్ని నెడతాయి. ఆ ప్రయాణంలో దాని పొర మారుతుంది, కొత్త ప్రొటీన్లు చేరతాయి, తోకకు ముందుకు ఈదే శక్తి వస్తుంది.

అయినా అండాన్ని ఫలదీకరించే అర్హత ఇంకా రాలేదు! ఆ చివరి మార్పు ఆడజీవి శరీరంలో జరుగుతుందని 1951లో చాంగ్, ఆస్టిన్ వేరువేరుగా కనుక్కున్నారు. పొరలోంచి కొలెస్టరాల్ తగ్గి, కాల్షియం లోపలికి వచ్చి, తోక మరింత బలంగా కొట్టుకుంటుంది. ఐవీఎఫ్ ల్యాబుల్లో శుక్రకణాల్ని అండంతో కలిపినప్పుడు, వాటిని ఉంచే ప్రత్యేక ద్రవంలోనే ఈ మార్పు జరిగేలా చూస్తారు.