పాత ప్లేటు కొన్నారా? ముందు రంగు ఎక్కడుందో చూడండి

1950ల నాటి ప్లేటు చేతికి రాగానే ఎవరైనా దాన్ని తిరగేసి వెనకున్న ముద్ర చూస్తారు. ముద్ర ఎక్కడికీ పోదు, తర్వాత చూద్దాం. ముందు ప్లేటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. ఇప్పుడు బొమ్మ మీదుగా వేలి కొస మెల్లగా జరపండి.

బొమ్మ అంచు దగ్గర వేలికి ఏమీ తగలకుండా, మెరుపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకేలా ఉంటే రంగు గ్లేజ్ కింద, అంటే మట్టి మీద కాల్చిన గాజుపొర కింద ఉందన్నమాట. ఆ పొర దానికి కాపలా కాస్తోంది. బొమ్మ కాస్త ఉబ్బెత్తుగా తగిలినా, బొమ్మ ఉన్నచోట మెరుపు తగ్గినా రంగు గ్లేజ్ పైన ఉంది. అలాంటి ప్లేటులో మీ కూరకీ ఆ రంగుకీ మధ్య అడ్డమేమీ లేదు. మూడో రకంలో బొమ్మే ఉండదు, గ్లేజ్ మొత్తం ఒకే రంగు. ప్లేటులో తినాలా, అల్మరాలో పెట్టుకోవాలా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఏ కంపెనీ, ఏ సంవత్సరం అన్నవి ఆ తర్వాతి సంగతులు.

రంగు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, సీసం వల్ల. ఆ రోజుల్లో గ్లేజ్ తక్కువ వేడికే కరిగి నున్నగా పరుచుకోవాలని సీసం కలపడం మామూలే. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం అనే మరో విషలోహం కూడా ఉండొచ్చు. గ్లేజ్ బాగా కాలి, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంటే సీసం అందులోనే చాలావరకు బందీగా ఉంటుంది. దాన్ని బయటికి లాగేవి పులుపు, వేడి, ఎక్కువసేపు నిల్వ ఉండటం. ఈ మూడూ కలిస్తే చెప్పక్కర్లేదు. అందుకే పొడి బిస్కెట్లు పెట్టిన ప్లేటుతో వచ్చే ప్రమాదం వేరు, రాత్రంతా నిమ్మరసం ఉంచిన జగ్గుతో వచ్చే ప్రమాదం వేరు.

ప్రయోగశాలలో పరీక్ష కూడా ఈ లెక్కతోనే చేస్తారు. పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేదే) పోసి, గది వేడిమిలో 24 గంటలు ఉంచి, ద్రవంలోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో ప్లేట్లకు మిల్లీలీటరుకు 3 మైక్రోగ్రాములు హద్దు, కప్పులకు 0.5 మాత్రమే. కప్పులో ద్రవం నిలుస్తుంది, అందుకే అంత తేడా. సీసం ఉందో లేదో ఇంట్లో రుద్ది చూసే పుల్లలు దొరుకుతాయి కదా అంటారు. పుల్ల రంగు మారితే మాత్రం ఆ ప్లేటును భోజనాల బల్ల మీది నుంచి తీసేయండి. రంగు మారలేదంటే ‘పైపైన దొరకలేదు’ అని అర్థం, అంతకు మించి ధీమా పడకండి. ఇక ఎక్స్‌రే యంత్రం సీసం ఎంత ఉందో చెబుతుంది, అందులో ఎంత ఆహారంలోకి దిగుతుందో చెప్పదు. ఈ రెండూ కలిపేసుకుని భయపడేవాళ్లు చాలామంది.

ఒకే రంగు గ్లేజ్‌కి ఉదాహరణ ఫియెస్టా. అమెరికాలోని హోమర్ లాఫ్లిన్ కంపెనీ ఈ పాత్రలను 1936లో మొదలుపెట్టింది. అందులో నారింజ ఛాయ ఉన్న ఎరుపు రంగు యురేనియం ఆక్సైడ్‌తో వచ్చింది. యుద్ధకాలంలో యురేనియం ప్రభుత్వానికే కావాల్సి వచ్చి 1943లో ఆ రంగు ఆగిపోయింది. 1959లో క్షీణ యురేనియంతో (రేడియోధార్మికత తక్కువున్న రకం) తిరిగొచ్చి, 1972 దాకా నడిచింది. అల్మరాలో ఉంటే పెద్దగా చింత లేదు, అందులో తినడం మాత్రం వద్దు. 1986 నుంచి మళ్లీ తయారైన ఫియెస్టాలో సీసం లేదు, దాన్ని హాయిగా వాడుకోవచ్చు. రెండూ ఒకే పేరుతో, ఇంచుమించు ఒకే ఆకారంతో తిరుగుతుంటాయి కాబట్టి అమ్మేవాళ్లను అడిగి తేల్చుకోండి.

ఆకారం చూసి మోసపోయే చోటు ఇంకొకటుంది. ఫిన్లాండ్ అరాబియా కంపెనీకి కాయ్ ఫ్రాంక్ రూపొందించిన కిల్టా 1953 నాటిది. దాని ఒళ్లు మెత్తటి మట్టిది, నీళ్లు పీలుస్తుంది. అదే ఆకారం 1981లో టీమా పేరుతో గట్టిగా కాలిన ఒంటితో వచ్చింది. టీమాకి అలవాటుపడ్డ చేత్తో కిల్టాను ఓవెన్లో పెడితే నెర్రెలు పడొచ్చు.

నెర్రెలంటే గ్లేజ్‌లో సాలెగూడులా కనిపించే సన్నని గీతలు. చల్లారేటప్పుడు మట్టి ఒకలా, గాజుపొర ఒకలా కుంచించుకుంటాయి. దానికి తోడు మెత్తటి మట్టి ఏళ్ల తరబడి గాలిలో తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది. పైనున్న గాజు సాగదు, పగులుతుంది. మరిగే నీళ్లు, మైక్రోవేవ్ ఆ పనిని తొందరచేస్తాయి. నెర్రెల్లోకి నూనె, టీ దిగితే గోధుమరంగు మచ్చలు తేలతాయి. అలాంటివి చూసుకోవడానికే బాగుంటాయి, తినడానికి పనికిరావు.

చూసుకోవడానికే అయినా మచ్చ పోవాలంటే ఒక పద్ధతుంది. బంగారు అంచు, గ్లేజ్ పైన బొమ్మ ఉన్నవాటికి ఇది వద్దు. ముందు ప్లేటును మామూలు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టండి. మట్టి నిండా నీళ్లుంటే మచ్చ ఇంకా లోపలికి పారదు. తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పూర్తిగా ముంచి, చీకట్లో పెట్టి, మూత వదులుగా ఉంచండి. మూత బిగిస్తే ఆక్సిజన్ చేరి డబ్బా ఉబ్బుతుంది. రోజుకోసారి చూస్తూ, రెండు రోజులకోసారి ద్రావణం మార్చండి. మచ్చను బట్టి వారం దాకా పట్టొచ్చు. ఆపై రెండు మూడు సార్లు నీళ్లు మార్చి నానబెట్టి, వారం రోజులు నీడలో ఆరబెట్టాలి. తొందరపడి ఓవెన్లో ఆరబెడితే నెర్రెలు పెరుగుతాయి. ఇంకో మాట: క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్లొద్దు. దాని ఉప్పు మట్టిలో మిగిలి, ఆరేటప్పుడు గడ్డకట్టి, గ్లేజ్‌ను పెచ్చులుగా లేపేస్తుంది. మచ్చ పోతుంది నిజమే, ప్లేటు కూడా పోతుంది.

గ్లేజ్ మీద పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు గీతలుంటే భయపడకండి, అవి చాలావరకు గీరలు కావు. చెంచాలు, కత్తుల లోహం గ్లేజ్‌కి అంటుకుపోయింది. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న క్లీనింగ్ పౌడర్‌ను నీళ్లతో ముద్దచేసి, మెత్తటి గుడ్డతో ఒక నిమిషం రుద్ది కడిగేస్తే పోతాయి. గ్లవ్స్ వేసుకోండి. ఇదీ గ్లేజ్ కింద రంగున్న వాటికే.

కొనేటప్పుడు చెవి కూడా వాడండి. గిన్నెను అరచేతిలో వదులుగా నిలబెట్టి, వేలి కణుపుతో అంచు మీద తట్టండి. టింగుమని సాగితే మంచిది. టప్పుమని అక్కడే ఆగిపోతే ఎక్కడో బీట ఉండొచ్చు. పల్చటి పింగాణీ అయితే వెనక నుంచి టార్చి వేయండి, బీట వెంట్రుకలా కనిపిస్తుంది. జిగురుతో అతికిన చోట్లు చాలాసార్లు అల్ట్రావయొలెట్ లైటు కింద వేరే రంగులో మెరుస్తాయి. ముఖ్యంగా కప్పు చెవులు, టీపాట్ ముక్కు.

ఇక గాజుకొద్దాం. పాలలా తెల్లగా ఉండే పైరెక్స్ గిన్నెల్లో రంగు బయటివైపు మాత్రమే ఉంటుంది, లోపల ఒట్టి గాజు. 1945 నాటి రంగుల సెట్‌లో నాలుగు గిన్నెలు (మోడల్ నంబరు, రంగు, సుమారు ఎన్ని లీటర్లు): 404 పసుపు, 3.8; 403 ఆకుపచ్చ, 2.4; 402 ఎరుపు, 1.4; 401 నీలం, 0.7. సెట్ పేరుతో అమ్మినా రంగుకీ పరిమాణానికీ పొంతన లేకపోతే ఎవరో వేర్వేరు సెట్ల నుంచి జతకూర్చారన్నమాట. ఈ గిన్నెల శత్రువు డిష్‌వాషర్. అందులోని క్షారం, వేడి కలిసి రంగు మీది మెరుపును తినేస్తాయి. సుద్ద పూసినట్టు తెల్లబోయిన గిన్నెను మళ్లీ మెరిపించే మందు లేదు. నూనె రాసి ఫొటో తీస్తారు కొందరు, కడిగితే అసలు రంగు బయటపడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఓవెన్లో పెట్టడం, స్టవ్ మంట మీద పెట్టడం రెండూ వద్దు.

మంట మీద పెట్టగలిగినవి 1958లో వచ్చిన పాత కార్నింగ్‌వేర్ పాత్రలు. పైకి పింగాణీలా కనిపించినా అది స్ఫటికాలు కట్టిన గాజు. కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్త డొనాల్డ్ స్టూకీ ఒక గాజుముక్కను 600 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయబోతే కొలిమి 900 దాటిపోయింది. గాజు కరిగి ముద్దవలేదు సరికదా, కింద పడినా పగల్లేదు. పాత్ర మంటను తట్టుకుంటుంది కానీ పైనున్న పారదర్శక మూత తట్టుకోదు, అది మామూలు గాజే.

మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ ప్లేట్లు రంగులు దిగిపోకుండా దశాబ్దాలు బతుకుతాయి. మైక్రోవేవ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, వేడివేడి పులుపు కూడా పోయొద్దు. కత్తి గీతలు పడి గరుకైనవి పళ్లు, బ్రెడ్డు లాంటి వాటికి వదిలేయండి. టీ మరకకు వంటసోడా ముద్ద పూసి ఇరవై నిమిషాలు ఆగి కడగండి.

కడగడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సింక్ అడుగున తువ్వాలు పరిచి, ఉంగరాలు తీసి, గోరువెచ్చటి నీళ్లలో ఒక్కొక్కటే. బంగారు అంచుకి పీచు, నిమ్మ, వెనిగర్ తగలకూడదు. పేర్చేటప్పుడు ప్లేటుకీ ప్లేటుకీ మధ్య మెత్తటి గుడ్డో కాగితమో ఉండాలి, ఎందుకంటే ప్లేటు అడుగున గ్లేజ్ లేని వలయం గరుకుగా ఉండి కిందిదాన్ని గీరుతుంది.

గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోతే లాగకండి. లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోయండి, బయటి గ్లాసును గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టండి. లోపలిది కుంచించుకుంటుంది, బయటిది వ్యాకోచిస్తుంది. ఒక నిమిషం ఆగి మెల్లగా తిప్పితే ఊడొస్తుంది. ఐసు నీళ్లూ మరిగే నీళ్లూ వాడారంటే గ్లాసులు ఊడిరావు, పగిలిపోతాయి.