మిషన్ సంచీలో పీచు

శ్రోతలకు నమస్కారం.

వాషింగ్ మిషన్ లోపల చిన్న వల సంచీ వేలాడుతూ ఉంటుంది, చూశారా? మొన్న మా ఇంట్లో కొత్త చలిదుప్పటి ఉతికాక ఆ సంచీ విప్పితే గుప్పెడు పీచు వచ్చింది, తడిసిన దూదిలా, బూడిదరంగులో. ఇన్నేళ్లూ దాన్ని కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగేసేదాన్ని. తప్పు చేశాను. అది దూది కాదు, పాలిస్టర్. పోగు రూపంలో ఉన్న ప్లాస్టిక్.

మా బాత్రూమ్ నీళ్లు వీధి కాలువకి, కాలువ గెడ్డకి, గెడ్డ సముద్రానికి. విశాఖ వాళ్లకి ఈ దారి నేను చెప్పాలా? వానాకాలంలో నల్లనీళ్లు ఇసకను కోసుకుంటూ అలల్లో కలవడం చూస్తూనే ఉంటాం. మురుగుశుద్ధి కేంద్రం దాకా వెళ్లిన నీళ్లలో పీచు చాలావరకు బురదలో ఆగిపోతుంది, మరీ సన్నవి మాత్రం జారిపోతాయి.

6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు ఊడొచ్చని ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు 2016లో లెక్కగట్టారు. వలల నుంచీ నైలాన్ పోగులు రాలతాయి, నిజమే. కానీ జాలారిపేట ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అన్నని అనేముందు మన దండెం కేసి చూసుకోవాలి.

నూలు బట్టా పీచు వదులుతుంది. దాన్ని సూక్ష్మజీవులు కొన్నాళ్లకి తినేస్తాయి. పాలిస్టర్ జోలికి అంత తేలిగ్గా పోవు.

వంజరం తెస్తే పొట్ట చీల్చి పేగులు పారేస్తాం. మరి నెత్తళ్లో? వేలెడంత చేప, నీళ్లలో తేలే సన్నజీవుల్ని వడగట్టుకు తింటుంది. మనం ఎండు నెత్తళ్ల తల గిల్లి, పొట్టతో సహా వేపుకుంటాం. ఇలాంటి చేపల కడుపుల్లో ఈ పోగులు ప్రపంచంలో చాలాచోట్ల దొరికాయి.

ఒక్క పూట తొడిగిన చొక్కాని మిషన్లో వేయకండి. వేసినప్పుడు నిండుగా, చల్లటి నీళ్లతో, తక్కువసేపు తిప్పండి. కొత్త మిషన్లకి పీచు ఆపే ఫిల్టరు ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టంలో రాసుకుంది. మన దగ్గర అమ్మేవాటికీ అది రావాలి, నేను గట్టిగా కోరుకునేది అదే.

ఇప్పుడు మా ఇంట్లో ఆ సంచీని కడగడం లేదు. బాల్కనీలో ఆరేస్తున్నాం. ఎండాక పీచు కంబళి ముక్కలా ఒక్క లాగుకి ఊడొస్తుంది. పొడిచెత్త డబ్బాలో వేస్తున్నాం.