ఇంటికి వచ్చే ప్రకటనల ఫోన్లు: నంబరును బ్లాక్ చేస్తే సరిపోతుందా?

సమన్వయకర్త: నమస్కారం. ప్రకటనల ఫోన్లు వద్దనేవారి జాబితా అయిన డీఎన్‌డీలో నమోదు చేసుకున్న ఇళ్లకు కూడా ప్రకటనల ఫోన్లు ఎందుకు వస్తున్నాయో ఈ రోజు చర్చిద్దాం. ముందుగా మీ అనుభవం చెప్పండమ్మా.

గృహిణి: మూడు రోజుల క్రితం నేను చపాతీ పిండి కలుపుతుండగా ఫోను మోగింది. అమెరికా నుంచి మనవడేమోనని, మోకాళ్ల నొప్పులున్న మా మామగారు మధ్యాహ్నం కునుకు మానుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి ఫోనెత్తితే, షాద్‌నగర్ దగ్గర ఓపెన్ ప్లాట్లు ఉన్నాయనీ, చూడడానికి కారు పంపుతామనీ చెప్పారు. ఆ నంబరును బ్లాక్ చేశాను. సాయంత్రానికి అదే గొంతు వేరే నంబరు నుంచి పలికింది.

న్యాయవాది: అది మామూలు పది అంకెల మొబైల్ నంబరే అయి ఉంటుంది. నమోదైన టెలిమార్కెటర్లు ప్రకటనల కోసం 140తో మొదలయ్యే నంబర్లనే వాడాలి. డీఎన్‌డీ వారికి అడ్డుకట్ట వేయగలదు గానీ, నమోదే లేనివారు ఆ జాబితా ముఖం కూడా చూడరు. మీరు బ్లాక్ చేస్తే మీ ఇంటికి ఆ నంబరు బెడద తప్పుతుంది, పక్కింటికి తప్పదు. అందుకే ఫిర్యాదు చేయమంటాను. ఇలాంటి ఫోన్లపై 2018 నాటి నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సవరించి, ఫోన్ వచ్చాక ఫిర్యాదు చేసే గడువును 3 రోజుల నుంచి 7 రోజులకు పెంచింది. డీఎన్‌డీలో లేనివారికీ ఆ హక్కు కల్పించింది. 10 రోజుల్లో ఒకరిపై 5 ఫిర్యాదులు చేరితే చర్యకు అవకాశం ఉంటుంది.

సమన్వయకర్త: బట్టల దుకాణంలో బిల్లు కోసం మనమే నంబరు ఇస్తున్నాం కదా?

న్యాయవాది: బిల్లుకు నంబరు ఇవ్వడం వేరు, ప్రకటనలకు ఒప్పుకోవడం వేరు. అయితే ప్రకటనలకు మీరే స్పష్టంగా సమ్మతి ఇస్తే, డీఎన్‌డీ ఉన్నా ఆ సంస్థ ఫోన్ చేయగలదు. ఆ సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

గృహిణి: బ్యాంకు పేరు చెప్పి కేవైసీ అడిగేవారి సంగతేమిటి?

న్యాయవాది: అది మోసం కిందికి వస్తుంది. అలాంటి ఫోన్‌పై కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఉన్న ‘చక్షు’ అనే విభాగంలో సమాచారం ఇవ్వండి. డబ్బు పోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ప్లాట్ల ఫోన్‌కైతే ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ, 1909 నంబరుకు గానీ ఫిర్యాదు చేస్తే చాలు. ఫోన్ చేసిన నంబరు, తేదీ, విషయం తప్పనిసరి.

గృహిణి: ఆ రెండు నంబర్లూ ఇంకా కాల్ లాగ్‌లోనే ఉన్నాయండీ. విరామంలో పంపేస్తాను.