గుడ్లు లెక్కపెట్టి ఎంచిన కోడి

శ్రోతలకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో తణుకు వెళ్ళినా, అనపర్తి వెళ్ళినా ఊరి వెలుపల పొడవాటి కోళ్ల షెడ్లు కనిపిస్తాయి. ఎప్పుడైనా ఆ షెడ్డులో ఒక కోడిని దగ్గరగా చూడండి. పై ముక్కు కొస మొండిగా ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే వేడి బ్లేడుతో కత్తిరిస్తారు. కత్తిరించకపోతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఈకలు పీకుతాయి. నెత్తురు కనిపించిందా, మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. ఒక్కోసారి ప్రాణం పోయేదాకా వదలవు.

ఇరుకు వల్ల కొంత, మేతలో లోపం వల్ల కొంత, వెలుతురు ఎక్కువై కొంత. మన రైతులకు ఇవన్నీ తెలుసు. అయితే కొంత తప్పు, ఏ కోడి సంతానాన్ని పెంచాలో ఎంచే తీరులోనే ఉంది. నాకు ఎంతో ఇష్టమైన ఒక ప్రయోగం ఆ సంగతి తేల్చింది.

దశాబ్దాలుగా శాస్త్రజ్ఞులు ఒక్కో కోడి పెట్టిన గుడ్లు లెక్కపెట్టి, ఎక్కువ పెట్టినదాని సంతానాన్నే పెంచుతూ వచ్చారు. ఎవరికైనా సబబుగానే తోస్తుంది. కానీ పక్క కోడిని పొడిచి చంపే కోడి కూడా తన గుడ్లు తాను పెడుతున్నంతకాలం ఆ ఎంపికలో నెగ్గుతుంది. కోరుకున్నది గుడ్లు. వెంట వచ్చింది పోట్లాట.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ అనే శాస్త్రజ్ఞుడు లెక్క మార్చారు. ఒక తండ్రి సంతానమైన పెట్టలను ఒకే బోనులో ఉంచారు. ముక్కులు కత్తిరించలేదు. ఒక్క కోడిని చూడలేదు, బోను మొత్తాన్ని చూశారు. అన్నీ కలిసి ఎన్ని గుడ్లు పెట్టాయి, ఎన్నాళ్లు బతికాయి? బాగుంటే ఆ కుటుంబాన్నంతా తర్వాతి తరానికి తీసుకున్నారు, బాగోలేకపోతే అంతటినీ వదిలేశారు. 1996లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో ఏడాదిలో నూటికి 68 కోళ్లు చచ్చిపోయేవి. కొద్ది తరాల్లోనే ఆ సంఖ్య 9కి దిగింది. నూటికి 68 నుంచి 9కి! మరి గుడ్లు తగ్గాయా? బోనులో ఉంచిన ఒక్కో కోడికి ఏడాదికి 91 గుడ్లు వచ్చేచోట 237 వచ్చాయి.

సంక్రాంతి బరుల కోసం పుంజులను పెంచేవారికి పౌరుషం తండ్రి నుంచీ తల్లి నుంచీ దిగుతుందని ఏనాటినుంచో తెలుసు. వాళ్లు పోట్లాటనే కోరి ఎంచుతారు. కాలికి కత్తి కట్టడం నాకు ఎన్నడూ నచ్చలేదు, కానీ వాళ్ల ఎంపిక జ్ఞానం గట్టిది. గుడ్ల కోసం ఎంచినవాళ్లు ఆ సంగతి చాలా ఆలస్యంగా గమనించారు.

పెరట్లో నాలుగైదు పెట్టలు పెంచుకునే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. పొదగవేసే గుడ్లు ఎంచేటప్పుడు, ఏ పెట్ట ఎక్కువ పెడుతోందని మాత్రమే చూడకండి. ఉదయం నూకలు చల్లి కాసేపు పక్కన నిలబడండి. మేత దగ్గర ఒకటి రెండు పోట్లు మామూలే. అదే పనిగా తోటి పెట్టల వెంటపడి, వీపు ఈకలు ఊడేలా పొడిచేది ఏదో తెలిసిపోతుంది. దాని గుడ్లు కూరకు వాడుకోండి, పొదగవేయకండి. గుడ్ల కోసమే పెంచే మందలోకి పందెం పుంజునూ వదలకండి. పిల్లల్లో సగం పోలిక తండ్రిదే కదా.