మీసాలు చూశాకే పేరు పెట్టండి

అందరికీ నమస్కారం.

వానలు మొదలయ్యాక హైదరాబాద్‌లో ఏ ఖాళీ ప్లాటులో గడ్డి కదిపినా నాలుగు పురుగులు ఎగురుతాయి. అన్నిటినీ మిడతలనేస్తాం. రంగుని బట్టి తేల్చబోతే మోసపోతాం. ఒకే జాతి మిడత పచ్చగానూ ఉంటుంది, ఎండుగడ్డి రంగులోనూ ఉంటుంది.

ముందు మీసాలు చూడండి. ఒంటికన్నా బాగా పొట్టిగా, కాస్త మందంగా ఉంటే మిడత. వెంట్రుకలా సన్నగా, ఒంటిని దాటిపోయేంత పొడుగుంటే కీచురాయి గానీ కాటీడిడ్ గానీ. ఆకులా పచ్చగా ఉండే ఈ కాటీడిడ్‌ని జనం మిడతనే అంటారు, చుట్టరికం మాత్రం కీచురాళ్లతో.

చిక్కేమిటంటే, మీసాలు విరిగిపోతుంటాయి. అప్పుడు చెవి వెతకండి. మిడత చెవి పొట్ట మొదటి ఖండం పక్కన, రెక్క మొదలు కింద ఉంటుంది. మిగతా రెంటికీ ముందుకాలి మీద, మోకాలికి కాస్త దిగువన.

ఇక కీచురాయికీ కాటీడిడ్‌కీ తేడా పాదంలో తెలుస్తుంది. భూతద్దం కింద కణుపులు లెక్కపెట్టండి: కీచురాయికి మూడు, కాటీడిడ్‌కి నాలుగు. కీచురాయి రెక్కలు వీపు మీద బల్లపరుపుగా పడుకుంటాయి, కాటీడిడ్‌వి ఇంటికప్పులా రెండువైపులా వాలతాయి. ఆడ కాటీడిడ్ తోక దగ్గర కత్తిలాంటిది, ఆడ కీచురాయికి సూదిలాంటిది కనిపిస్తుంది. చూసి భయపడేవాళ్లే ఎక్కువ. అది గుడ్లు పెట్టే గొట్టం, కుట్టదు.

వేసవి మధ్యాహ్నం చెట్టు మీద చెవులు పగిలేలా అరిచేదాన్నీ కీచురాయనే అంటారు గానీ, అది సికాడా, వేరే వర్గం. నమిలే దవడలు ఉండవు, రసం పీల్చే ముక్కు ఉంటుంది. గొల్లభామ సంగతి ఇంకా గందరగోళం. కొన్నిచోట్ల మిడతనే అలా పిలుస్తారు, కొన్నిచోట్ల ముళ్ల ముందుకాళ్లు ముడుచుకుని వేటకి కూర్చునేదాన్ని. ఈ రెండోది అసలు మిడతల వర్గమే కాదు. కాబట్టి ఎవరైనా గొల్లభామ అంటే, ఏ జిల్లావాళ్లో కనుక్కుని మాట్లాడండి.

పేరు తప్పితే ఏమవుతుందో 2020లో చూశాం. ఎడారి మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చిన రోజుల్లోనే, అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టు నిండా మిడతలు కనిపించి కలకలం రేగింది. అవి జిల్లేడు మిడతలు. పెద్దవాటికి పసుపు, నీలి చారలు. గుంపు పెరిగితే నడత, రంగు మార్చుకుని దండుగా ఎగిరిపోయే జాతులు వేరు, ఇవి అలాంటివి కావు. పిల్ల మిడతల్ని వేళ్లతో నొక్కితే మాత్రం జిల్లేడు విషం కలిసిన ద్రవం చిమ్ముతాయి. కళ్లు జాగ్రత్త.

చివరగా, పొట్టి రెక్కలున్నవన్నీ పిల్లలే అనుకోకండి. ఎదిగినా రెక్కలు పొట్టిగానే ఉండే జాతులున్నాయి. పిల్లదశ చివర్లో వెనకరెక్క మొగ్గ ముందుదాని మీదికి వస్తుంది, ఎదిగినదానిలో ముందురెక్కే పైన ఉంటుంది. అందుకే పురుగుని గుర్తుపట్టాలంటే ఫొటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. పక్క ఫొటోలో తోక కొస తెగిపోకూడదు.