అమెరికా కాలేజీ మొదటి ఏడాది: హ్యూమన్ బయాలజీ, బిజినెస్ కోర్సులు తీసుకునే ముందు

[తెర మీద: కాలేజీ రిజిస్ట్రేషన్ పేజీ. రెండు కోర్సుల పేర్లు, పక్కన నంబర్లు]

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ మొదలవుతోందంటే చాలు, డాలస్ చుట్టుపక్కల తెలుగు వాళ్ల మధ్య ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "ఈజీగా 'ఎ' గ్రేడ్ వచ్చే కోర్సు ఏదండీ?" జవాబులు కూడా దాదాపు అవే వస్తాయి. సైన్సు కింద హ్యూమన్ బయాలజీ, దానికి తోడు ఇంట్రొడక్షన్ టు బిజినెస్. రెండూ మంచి కోర్సులే, నేను కాదనను. కానీ ఈజీ అన్న ఒక్క మాట పట్టుకుని చేరితే, కట్టిన ఫీజుకి వచ్చిన క్రెడిట్లు (డిగ్రీకి కూడబెట్టే పాయింట్లు) మీ డిగ్రీలో ఎక్కడా అతకకుండా మిగిలిపోవచ్చు.

టెక్సాస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇక్కడ ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలన్నీ (మొదటి రెండేళ్లు చదివి, తర్వాత యూనివర్సిటీకి మారే కాలేజీలు) మొదటి రెండేళ్ల కోర్సులకి ఒకే నంబర్లు వాడతాయి, కాబట్టి చెప్పడం తేలిక.

[తెర మీద: 1408, 2401, 1301 అంకెలు విడివిడిగా]

నంబర్‌లో మొదటి అంకె ఏ ఏడాది స్థాయి కోర్సో చెబుతుంది. రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. బయాలజీ 1408 అంటే మొదటి ఏడాది, 4 క్రెడిట్లు. ఇది సైన్సు మేజర్ (ముఖ్య సబ్జెక్టు) కాని వాళ్ల కోసం పెట్టిన బయాలజీ; హ్యూమన్ బయాలజీ కోర్సు సాధారణంగా ఈ కోవదే. 1406 కూడా మొదటి ఏడాదే, 4 క్రెడిట్లే, కానీ అది సైన్సు మేజర్ల కోసం. 2401, 2402 అనాటమీ అండ్ ఫిజియాలజీ; నర్సింగ్‌కి వెళ్లేవాళ్లని అడిగేది ఈ రెండూ. బిజినెస్ 1301 అంటే బిజినెస్ ప్రిన్సిపుల్స్, 3 క్రెడిట్లు, ల్యాబ్ లేదు.

చిక్కంతా ఇక్కడే. టెక్సాస్‌లో డిగ్రీ చేసే ప్రతివాళ్లూ 42 క్రెడిట్ల కోర్ కరికులమ్ పూర్తి చేయాలి, అందులో సైన్సుకి 6. కంప్యూటర్ సైన్సో, ఫైనాన్సో చదివే అమ్మాయికి 1408 లాంటి కోర్సు ఆ 6 క్రెడిట్లలోకి సాధారణంగా హాయిగా వెళ్లిపోతుంది. అదే అమ్మాయి రేపు మనసు మార్చుకుని నర్సింగ్ అంటే, 1408లో వచ్చిన 'ఎ' గ్రేడ్ ఆ దారిలో పనికిరాదు. 2401 మొదటి నుంచి చదవాలి. మెడిసిన్ వైపు వెళ్లాలనుకున్నా ఇదే గోల. బిజినెస్ 1301 సంగతీ అంతే. బీబీఏకి ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు గట్టిగా లెక్కలోకి వచ్చేవి అకౌంటింగ్ 2301, 2302, ఎకనామిక్స్ 2301, 2302. బిజినెస్ 1301ని చాలాచోట్ల ఉత్త ఎలెక్టివ్‌గా, అంటే మేజర్‌కి సంబంధం లేని అదనపు కోర్సుగా, తీసుకుని ఊరుకుంటారు.

సరే, కోర్సు మీకు సరిపోతుందని తేలింది. లోపల ఏముంటుంది?

[తెర మీద: పాంక్రియాస్, కాలేయం, కిడ్నీల బొమ్మ]

హ్యూమన్ బయాలజీ అనగానే మన బైపీసీ పిల్లలకి ధీమా, ఎంపీసీ పిల్లలకి టెన్షన్. నన్నడిగితే రెండూ అనవసరం. ఇన్సులిన్ ఎక్కడ తయారవుతుంది అంటే బైపీసీ పిల్లలు నిద్రలో లేపి అడిగినా "పాంక్రియాస్‌లో బీటా కణాలు" అంటారు. పరీక్షలో ఆ ప్రశ్న ఒక మార్కుకి వస్తే రావచ్చు. అసలు ప్రశ్న ఇలా ఉంటుంది: టైప్ 1 డయాబెటిస్ ఉన్న మనిషి ఇన్సులిన్ తీసుకోవడం మానేశాడు. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తున్నాడు, ఎంత నీళ్లు తాగినా దాహం తీరడం లేదు. ఎందుకు?

ఒక్కో మెట్టు దిగుదాం. ఇన్సులిన్ లేదు కాబట్టి కండరాలు, కొవ్వు కణాలు రక్తంలోని గ్లూకోజ్‌ని సరిగ్గా లోపలికి తీసుకోలేవు. కాలేయం కూడా దాన్ని గ్లైకోజెన్‌గా (నిల్వ చక్కెరగా) దాచుకోదు, పైగా ఇంకాస్త గ్లూకోజ్ వదులుతుంది. రక్తంలో చక్కెర పెరుగుతూ పోతుంది. మామూలుగా కిడ్నీలోకి వడకట్టుకుని వచ్చిన గ్లూకోజ్ మొత్తాన్నీ కిడ్నీ నాళికలు వెనక్కి లాక్కుంటాయి. కానీ వాటికీ ఒక పరిమితి ఉంది. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకి సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే, అవి లాక్కోలేని చక్కెర మూత్రంలో మిగిలిపోతుంది. ఆ చక్కెర నీళ్లని తనతోపాటు పట్టి ఉంచుతుంది. అందుకే మూత్రం ఎక్కువ. ఒంట్లో నీళ్లు పోయాయి కాబట్టి మెదడు దాహం పుట్టిస్తుంది. పాంక్రియాస్ దగ్గర మొదలైన తేడా, కాలేయం, కిడ్నీ, మెదడు అన్నీ తిరిగి వచ్చింది. ఇంటర్లో ఇవి నాలుగు వేర్వేరు చాప్టర్లు. ఇక్కడ ఒకే ప్రశ్న. బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, మెల్లగా ఆలోచించే ఎంపీసీ అబ్బాయి దాటేస్తాడు.

ల్యాబ్‌ని మాత్రం తక్కువ అంచనా వేయకండి. బీపీ చూడటం దాదాపు ప్రతిచోటా ఉంటుంది. పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ చేతికి పట్టీ కట్టి, గాలి నింపి, మోచేతి మడత దగ్గర స్టెతస్కోప్ పెట్టి, మెల్లగా గాలి వదలాలి. మొదటి టక్ టక్ వినపడినప్పుడు ముల్లు ఎక్కడుందో అది పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిపోయినప్పుడు ఉన్నది కింది అంకె. నికొలాయ్ కొరొత్కోవ్ అనే రష్యన్ డాక్టర్ 1905లో చెప్పిన పద్ధతి, ఇప్పటికీ అదే. తర్వాత గుంజీలు తీయించి మళ్లీ కొలుస్తారు, ఆ అంకెలతో రిపోర్టు రాయాలి. అంకెలు ఇద్దరివీ ఒకటే అయినా, రాత ఎవరిది వాళ్లదే ఉండాలి. మన దగ్గర రికార్డు చూసి రాసుకోవడం మామూలు కదా, ఇక్కడ అదే పని చేస్తే క్రమశిక్షణ కమిటీ ముందు కూర్చోబెడతారు.

అన్నట్టు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ చాప్టర్ వచ్చినప్పుడు కాస్త కాలర్ ఎగరేయొచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1920ల్లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని బయటపెట్టినవారిలో ఒకరు. పరీక్షలో అడగరు లెండి.

[తెర మీద: ఖాళీ కాగితం. పెన్నుతో లెక్క]

ఇప్పుడు బిజినెస్. ఈ కోర్సులో సగం మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ పదాలు. చదువుకుంటే వచ్చేస్తాయి, వాటి మీద మన టైమ్ పెట్టను. పనికొచ్చేది బ్రేక్ ఈవెన్ లెక్క, అంటే ఎంత అమ్మితే ఖర్చులు సరిపోతాయన్న లెక్క. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒకావిడ వారాంతాల్లో టిఫిన్ బాక్సులు అమ్ముదామనుకుంది అనుకుందాం. కమర్షియల్ కిచెన్ అద్దె, ఇన్సూరెన్స్, పర్మిట్లు కలిపి నెలకి 900 డాలర్లు. ఒక్క బాక్సు అమ్మకపోయినా ఇవి తప్పవు. బాక్సుకి పప్పులు, బియ్యం, నూనె, ప్యాకింగ్ కలిపి 4 డాలర్లు. అమ్మేది 10కి. అంటే బాక్సుకి 6 మిగులుతుంది. 900ని 6తో భాగిస్తే 150. నెలకి 150 బాక్సులు అమ్మితే లాభం లేదు, నష్టం లేదు.

ఎదురుగా ఇంకొకరు మొదలుపెట్టారు. ఈవిడ భయపడి ధర 8కి దించింది. చూడ్డానికి 20 శాతమే తగ్గింపు. కానీ బాక్సుకి మిగిలేది 6 నుంచి 4కి పడిపోయింది. 900ని 4తో భాగించండి: 225. ధర 20 శాతం తగ్గిస్తే, నష్టం రాకుండా ఉండటానికే 50 శాతం ఎక్కువ అమ్మాలి. ప్రొఫెసర్ ఈ లెక్క అడిగి ఊరుకోడు. ధర తగ్గించకుండా ఇంకేం చేయొచ్చో రెండు పేరాలు రాయమంటాడు. మార్కులు అక్కడ ఉంటాయి, మన పిల్లలు అక్కడే రెండు లైన్లు రాసి లేస్తారు.

ఇంకొక ముక్క. ఎల్‌ఎల్‌సీ, అంటే లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ. మనవాళ్లలో సైడ్ బిజినెస్ అనగానే "ఎల్‌ఎల్‌సీ పెట్టెయ్, ట్యాక్స్ కలిసొస్తుంది" అనే సలహా ఒకటి ఉంది. 1977లో వయోమింగ్ రాష్ట్రంలో మొదటిసారి చట్టంగా వచ్చిన ఈ పద్ధతిలో ముఖ్యమైన లాభం వేరు: వ్యాపారం అప్పుల్లో పడినా, కేసు పడినా, మామూలుగా మీ సొంత ఇల్లు, సేవింగ్స్ జోలికి రారు. పన్ను విషయంలో మాత్రం, ఒక్కరే ఓనర్ అయి, వేరేగా ఏదీ ఎంచుకోకపోతే, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దాన్ని ప్రత్యేకంగా చూడదు. లాభం మీ సొంత రిటర్న్‌లోనే చూపించాలి. కోర్సులో ఈ చాప్టర్ ఒక్కటి అమ్మానాన్నలు కూడా చదివితే మంచిది.

పుస్తకాలకి డబ్బు పోయకండి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో రెండు సబ్జెక్టులకీ ఉచితంగా దొరుకుతాయి. మీ ప్రొఫెసర్ వేరే పుస్తకం, దాంతోపాటు హోమ్‌వర్క్ కోడ్ కొనమంటే మాత్రం తప్పదు.

[తెర మీద: క్యాలెండర్. సెమిస్టర్ మొదటి వారాలు]

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉంచుకోవాలి, ఆ లెక్కలోకి పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే వస్తుంది. ఆ ఆన్‌లైన్ అవకాశాన్ని బిజినెస్‌కి వాడుకుని, బయాలజీకి నేరుగా ల్యాబ్‌కి వెళ్లడం మేలని నా అభిప్రాయం. కోర్సు బరువైందని వదిలేయాలనిపిస్తే, క్రెడిట్లు 12 కంటే తగ్గేలా ఉంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోండి, తర్వాతే డ్రాప్ బటన్.

వీసాతో పని లేకుండా అందరికీ సెన్సస్ డేట్ ముఖ్యం. ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో అది 12వ క్లాస్ డే. అంతకు ముందే వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద మచ్చ ఉండదు. ఆ తర్వాత వదిలితే 'డబ్ల్యూ' (మధ్యలో వదిలేశారన్న గుర్తు) పడుతుంది. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికీ అలాంటి డ్రాపులు 6 కంటే ఎక్కువ ఉండకూడదు. హైస్కూల్లో ఉండగా చేసే డ్యూయల్ క్రెడిట్‌కి ఈ లెక్క వర్తించదు. కాబట్టి సిలబస్ చేతికొచ్చిన రోజే ల్యాబ్ రిపోర్టులు ఎన్ని, గ్రూప్ ప్రాజెక్టు ఎప్పుడు అన్నవి చూసుకోండి. ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటున్న యూనివర్సిటీ అడ్వైజర్‌కి కోర్సు నంబర్ రాసి ఈమెయిల్ పెట్టండి: "ఇది నా మేజర్‌లో దేని కింద లెక్కవుతుంది?" జవాబు రాతపూర్వకంగా వచ్చాకే ఫీజు కట్టండి.