తలుపు మీద కాగితం అతికించిన రోజు నుంచే లెక్క

అందరికీ నమస్కారం. ఇది ఒడిశాలోని రాయగడ, మా పిన్ని ఉండే క్వార్టర్. ఈసారి కెనడా నుంచి వచ్చినప్పుడు మజ్జిగౌరమ్మ గుడి, నాగావళి ఒడ్డు చూపిద్దామనుకున్నాను, అవి తర్వాత. ముందు ఈ తలుపు చూడండి. గడియకు పైన తెల్లగా ఎండిపోయిన మైదా జిగురు, నాలుగు మూలలా కాగితం పీలికలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేయమని ఇక్కడ అతికించిన కాగితం గురించే ఈ వీడియో అంతా.

పిన్ని ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో అటెండర్. పోయిన ఏడాది మోకాలి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్లి, అక్కడ చీము పట్టి, కూతురి దగ్గరే ఉండిపోవాల్సి వచ్చింది. ఉన్న సెలవులన్నీ అయిపోయాక 8 నెలలు జీతం లేదు. క్వార్టర్ అద్దె నెలకు 460 రూపాయలు, ఎప్పుడూ జీతంలోంచే కట్ అయ్యేది, జీతం రానప్పుడు మనమే వెళ్లి కట్టాలన్న సంగతి ఆమెకు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. బాకీ మొత్తం 3,680. దానికి అలాట్‌మెంట్ రద్దు చేసి, రద్దయిన రోజు నుంచి డ్యామేజ్ రెంట్, అంటే హక్కు లేకుండా ఉన్నందుకు వేసే నష్టపరిహారం, వేసి 58 వేలు కట్టమన్నారు, పైగా 15 రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. "ఏటి నాయనా, ఇరవై రెండేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టాను కదా" అని పిన్ని అంటుంటే నాకు గొంతు పట్టేసింది.

కాగితం అతికించింది 4వ తారీఖున. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు, పార్వతీపురంలో పెళ్లికి వెళ్లి 9న వచ్చారు. కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. పిన్ని తెలుగు చదువుతుంది, ఒడియా మాట్లాడుతుంది, ఇంగ్లీషు రాదు. ఆఫీసులో సార్‌ని అడిగితే "చూద్దాంలే" అన్నారట, ఆ మాట పట్టుకుని ఇంకో రెండు రోజులు కూర్చుంది. నేను దిగింది 11న.

కేంద్ర ప్రభుత్వ క్వార్టర్లకు 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం వర్తిస్తుంది. ఒడిశా ప్రభుత్వ క్వార్టర్లయితే వాటికి 1972 చట్టం వేరే ఉంది, దాన్నీ దీన్నీ కలపకండి. 1971 చట్టంలో ఎస్టేట్ ఆఫీసర్, అంటే ఇలా ఖాళీ చేయించే అధికారం ఉన్న ఆఫీసర్, ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలు జిల్లా జడ్జి దగ్గరే వేయాలి, మామూలు సివిల్ దావా కుదరదు. ఖాళీ చేయమన్న ఆర్డర్‌కి గడువు 12 రోజులు, ఆ 12 రోజులూ కాగితం తలుపుకు అతికించిన రోజు నుంచే లెక్క, మనం చదివించుకున్న రోజు నుంచి కాదు. గడువు దాటితే సరైన కారణం చూపించి బతిమాలుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకోవద్దు. మాకు అప్పటికి మిగిలింది 5 రోజులు. పక్కింటి ఒడియా ఆవిడ కాగితం చూసిన వెంటనే ఫోన్‌లో ఫోటో తీసి ఉంచింది, ఆ ఫోటో మీద తారీఖు ఉండబట్టే మాకు రోజుల లెక్క తెలిసింది. ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

లాయరు ఫీజుకి భయపడింది పిన్ని. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవల ఆఫీసుకి వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చాం, వకీలమ్మను కేటాయించారు. ఆమె మొదట అడిగింది ఒకే మాట, "రెండు ఆర్డర్లా, ఒకటేనా?" అని. రెండున్నాయి. ఖాళీ చేయమన్నది ఒకటి, డబ్బు కట్టమన్నది ఒకటి. ఒక్కదాని మీదే అప్పీలు వేస్తే రెండోది అలాగే నిలబడిపోతుంది, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారని చెప్పింది.

అంతకు ముందు వచ్చిన షోకాజ్ నోటీసు, అంటే ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పమని అడిగే కాగితం, మేం చూడనే లేదు అంటే, అది ఒక్కటే పట్టుకుంటే నిలవదమ్మా, తలుపుకు అతికిస్తే ఇచ్చినట్టే లెక్క అంది. అందుకే ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితాలు, జీతం ఆగిన నెలల స్లిప్పులు, పాత స్లిప్పుల్లో అద్దె కట్ అయిన లైన్లు, అన్నీ వరుసగా పెట్టించింది. 15న రెండు అప్పీళ్లూ వేశాం. 3,680 వారంలో జమ చేయాలన్న షరతు మీద జడ్జి గారు స్టే ఇచ్చారు, అంటే ఆర్డర్ అమలును ప్రస్తుతానికి ఆపారు. ఆ సాయంత్రం పిన్ని చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

డ్యామేజ్ రెంట్ సంగతి ఇంకా తేలలేదు, స్టే కూడా వాయిదా వరకే. వాయిదా నాటికి నేను ఇక్కడ ఉండను, ఆ టెన్షన్ నాకు ఉంది. పక్కింటి ఆవిడ తోడు వెళ్తానంది. డబ్బు కట్టిన రసీదు పిన్ని బియ్యం డబ్బా మూత లోపల అతికించుకుంది, రోజూ వంటకి మూత తీసినప్పుడల్లా కనిపిస్తుందని.